నాలుగేళ్ల చేతులకు సరిపోయే బతుకమ్మ

పెద్దవాళ్లు బతుకమ్మ పేరుస్తుంటే చిన్నపిల్లలకు వినిపించే మాట ఒకటే: "దూరం కూర్చో, పూలు ఆగం చెయ్యకు." ఆ తర్వాత పట్టు పరికిణీ కట్టించి ఫొటో తీస్తారు, అంతే. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు నేర్చుకోదగ్గ లెక్క, మొక్కల సంగతి, పాట, చంద్రుడి నడక ఈ పండుగలోనే ఉన్నాయి. రంగులు నింపే కాగితాలు అచ్చు వేయించి తేవాల్సిన పని లేదు. పిల్లకు తన సొంత పళ్లెం, తన సొంత పూలు ఇవ్వండి, చాలు.

20 సెంటీమీటర్ల స్టీలు పళ్లెం సరిపోతుంది. ఐదు వరుసలకు అరకిలో బంతి, రెండు కట్టల గునుగు, ఒక కట్ట తంగేడు కావాలి. హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లగలిగితే పొద్దున్నే పిల్లల్నీ తీసుకెళ్లండి. తూకం, బేరం, పూల పేర్లు అక్కడే చెవిన పడతాయి. తంగేడు మాత్రం ఏ రోజుది ఆ రోజే కొనండి. ముందు రోజుదైతే రెక్కలు వడలి రాలిపోతాయి.

పేర్చే ముందు పూలను విప్పి చూడనివ్వండి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. రెక్కలు ఐదు, మూడేళ్ల పిల్ల కూడా లెక్కపెడుతుంది. గునుగు కంకి కొన గులాబీ రంగులో, కింది భాగం తెల్లగా ఉంటుంది. కింది పూలు ముందు విచ్చుకుని వెలిసిపోతాయి కాబట్టి అలా కనిపిస్తుంది. ముదిరిన కంకిని తెల్ల కాగితం మీద నలిపితే మెరిసే నల్లటి చిన్న గింజలు రాలతాయి. చేలల్లో కలుపుగా ఇంత గునుగు ఎలా మొలుస్తుందో వేరే చెప్పాల్సిన అవసరం ఉండదు. బంతిలో రెక్క అనుకుని పీకేది ఒక్కొక్కటీ ఒక చిన్న పువ్వే. గునుగును ముందు గుమ్మం బయట గట్టిగా దులపండి, చీమలు ఉంటాయి.

గునుగుకు రంగు పిల్లలే అద్దొచ్చు. కప్పు నీళ్లలో అర చెంచా వంటల రంగు కలిపి, కంకి కొన మాత్రమే ముంచి, పాత పేపరు మీద బాగా ఆరనివ్వాలి. తడిగా పేరిస్తే పక్కనున్న తెల్ల పూలకు రంగు పట్టుకుంటుంది, కంకులు బరువెక్కి వంగుతాయి. దుకాణాల్లో అమ్మే ముదురు రంగుల పొడులు చిన్నపిల్లల చేతికి వద్దు. రంగులే లేకపోయినా తెల్ల గునుగు, పచ్చ తంగేడు పక్కపక్కన చక్కగా ఉంటాయి.

ఇక పేర్చడం. పళ్లెంలో గుమ్మడాకు గానీ విస్తరాకు గానీ పరిచి, అంచు వెంట మొదటి వరుస వేయాలి. దానికి సుమారు 12 బంతులు పడతాయి. వేసే ముందే "ఎన్ని పడతాయో చెప్పు" అని అడగండి. పై వరుసను ఒక సెంటీమీటరు లోపలికి జరిపితే ఒకటో రెండో తక్కువ పడతాయి, ఐదో వరుసకు ఏడు దాకా వస్తాయి. ఎందుకు తగ్గుతున్నాయో పిల్లే కనిపెట్టాలి, మీరు తొందరపడి చెప్పకండి. గునుగు, తంగేడు పెట్టేటప్పుడు కాడ లోపలికి, పువ్వు బయటికి ఉండాలి. కాడలు ఆరు సెంటీమీటర్లకు మించితే మధ్యలో ఒకదానికొకటి తగిలి వరుస లేస్తుంది. వాటిని పెద్దవాళ్లు కోసిపెట్టాలి. మధ్యలో నింపే ఆకులను పిల్లలు చేత్తో తుంచుతారు.

బతుకమ్మ ఒరగడానికి దాదాపు ఎప్పుడూ ఈ మధ్య భాగమే కారణం. ఐదు వరుసలూ వేశాక ఒకేసారి ఆకు కుక్కితే పూలు బయటికి తోసుకొస్తాయి. ప్రతి వరుస తర్వాతా నింపి, అరచేత్తో మెల్లగా అదమాలి. పైన పెట్టే పసుపు గౌరమ్మకు రెండు చెంచాల పసుపు చాలు. నీళ్లు చుక్కచుక్కగా పోయాలి, ఎక్కువైతే ముద్ద నిలబడదు.

తొమ్మిది రోజుల లెక్క ఆకాశంలోనే కనిపిస్తుంది. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు, చంద్రుడు కనిపించడు. మూడో రోజుకల్లా పొద్దుగూకగానే పడమట సన్నటి నెలవంక కనిపిస్తుంది. చివరి రోజైన సద్దుల నాటికి పొద్దుగూకేసరికి సగం చంద్రుడు దక్షిణాన ఆకాశంలో పైకి వచ్చి ఉంటాడు. కాగితం మీద తొమ్మిది సున్నాలు గీసి రోజూ చూసినంత రంగు వేయించండి. మబ్బు పట్టిన రోజు మబ్బే గీయాలి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చరు. పిల్లలు నిరాశపడతారు, ఆ రోజే అలక గురించి మాట్లాడండి: అలిగితే ఒంట్లో ఎలా ఉంటుంది, ఎవరు పలకరిస్తే పోతుంది?

ఆటకు నేల మీద సుద్దతో గుండ్రంగా గీత గీయండి, లేకపోతే పిల్లలు మధ్యలోని బతుకమ్మ మీదికి జరుగుతారు. వంగి చప్పట్లు, ఒక అడుగు కుడికి, ఇంతకంటే వాళ్లకు అక్కర్లేదు. పాట సొంతంగా కట్టించండి. "గునుగు పూలు తెచ్చినం" అని మీరంటే "ఉయ్యాలో" అని వాళ్లు అందుకుంటారు. రెండు రోజుల్లో ముందు మాట కూడా వాళ్లదే అవుతుంది.

ప్రసాదాల్లో పల్లి, నువ్వుల సత్తు పొడిగా ఇస్తే చిన్నపిల్లలకు పొరబోతుంది. బెల్లం, నెయ్యి కలిపి ముద్ద చేసి పెట్టండి. నాలుగేళ్ల లోపు వాళ్లకు గుండు పల్లీలు ఇవ్వనే ఇవ్వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

బతుకమ్మను నీళ్లలో వదలడానికి చెరువు దూరమైతే అపార్ట్‌మెంట్‌లో టబ్బు నీళ్లు చాలు. లోతు తక్కువైనా పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ముందుగా గౌరమ్మను తీసి పసుపు పంచుకుంటారు. మర్నాడు పూలు వడగట్టి, దారాలు ఏరేసి, తుంచి, అంతే ఎండుటాకుతో కలిపి కుండీలో వేయండి. ఉత్త పూలే వేస్తే కుళ్లి వాసన వస్తుంది. వారానికోసారి కలబెట్టే పని పిల్లలదే.