పిస్తాకు ఆంక్షలు, తుమ్మబంకకు మినహాయింపు

ఒకప్పుడు అమెరికాలో పిస్తా అంటే ఎర్రగా ఉండేది, తింటే వేళ్లకు రంగు అంటుకునేది. ఇరాన్ నుంచి వచ్చే కాయల పెంకు మీద మచ్చలు కనబడకుండా ఆ రంగు వేసేవాళ్లు. 1979లో టెహ్రాన్‌లో అమెరికన్ ఎంబసీ వాళ్లను బందీలుగా పట్టుకున్నాక దిగుమతులు ఆగిపోయాయి, అప్పుడప్పుడే కాపుకొస్తున్న కాలిఫోర్నియా తోటలకు దారి దొరికింది. బందీల గొడవ తీరాక ఇరాన్ కాయ మళ్లీ రావడం మొదలైతే 1986లో వేయించని పిస్తా మీద, మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారంటూ 241 శాతం యాంటీ డంపింగ్ సుంకం వేశారు! ఆ మరుసటి ఏడు పూర్తి నిషేధమే. తర్వాత 2000లో సడలించారు, 2010లో బిగించారు, 2016లో వదిలారు, 2018లో మళ్లీ మూసేశారు. పిస్తా చెట్టు సరిగ్గా కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది, ఇలా తీసి వేసే గేటును నమ్ముకుని ఇరాన్‌లో పిస్తా పండించే రఫ్సంజాన్ రైతు ఏం లెక్క వేసుకుంటాడు? ఈలోగా ఉత్పత్తిలో అమెరికాయే ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది.

ఇక సూడాన్ సంగతి చూడండి. ఆ దేశం ఉగ్రవాదానికి అండగా నిలుస్తోందని 1997లో అమెరికాలోని క్లింటన్ ప్రభుత్వం దానితో వ్యాపారం దాదాపు మొత్తం ఆపేసింది, ఒక్క గమ్ అరబిక్‌ని మాత్రం వదిలేసింది. అదొక రకం తుమ్మబంక. కూల్‌డ్రింకులో నూనెలాంటి ఫ్లేవర్ పైకి తేలిపోకుండా పట్టి ఉంచేది అదే, చాక్లెట్ బిళ్లల మీది రంగు పూత నిలవడానికీ వాడతారు. ప్రపంచానికి కావాల్సిన బంకలో సింహభాగం సూడాన్‌దే. వానలు వెళ్లాక కొర్దోఫాన్ లాంటి మెట్ట ప్రాంతాల్లో కొమ్మల బెరడు సన్నగా చీల్చి వదిలేస్తే కొన్ని వారాలకు గాటు దగ్గర బంక ఉండలు కడుతుంది, ముళ్ల మధ్య చెయ్యి పెట్టి ఒక్కోటీ ఏరుకోవాలి. అంత సరుకు ఇంకెక్కడా దొరకదని అమెరికన్ పరిశ్రమ మొరపెట్టుకుంది, ప్రభుత్వం ఆలకించింది. 2007లో సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతంలో జరుగుతున్న మారణకాండ విషయంలో ఒత్తిడి పెరిగినప్పుడు వాషింగ్టన్‌లోని సూడాన్ రాయబారి విలేకరుల ముందు కోలా సీసా ఎత్తి చూపించి, ఈ ఎగుమతి ఆపగలమని హెచ్చరించారు కూడా.

రెండు దేశాలూ అమెరికాకు శత్రువులే, రెండు చోట్లా చెప్పిన కారణాలు ఇంచుమించు ఒకటే. సొంత తోటలున్న సరుకు ఆగింది, సొంతంగా పండని సరుకు నడిచింది. నా ఉద్దేశంలో ఇందులో సూత్రం కంటే లాబీయింగే ఎక్కువ.

సూడాన్ మీద ఆ ఆంక్షలు 2017లో ఎత్తేశారు. కానీ 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ పారామిలటరీకీ యుద్ధం మొదలయ్యాక బంక పండే చోట్లు చాలావరకు సాయుధ మూకల చేతిలో పడ్డాయి, సరుకు పొరుగు దేశాల మీదుగా దొంగదారిన బయటికి పోతోంది, దారిపొడవునా వసూళ్లు. ఏరినవాళ్లకు చివరికి మిగిలేది ఎంత? తమ బంక ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కంపెనీలు బయటపెట్టాలి. మినహాయింపు కోసం ప్రభుత్వాన్నే ఒప్పించగలిగిన పరిశ్రమకు ఇదేమీ చేతకాని పని కాదు.