టెక్స్ట్‌బుక్‌లో దొరకని ఇంగ్లిష్

మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చేటప్పటికి మా అమ్మాయికి పదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చదివింది. ఫోటోసింథసిస్ గురించి అర పేజీ తప్పుల్లేకుండా రాస్తుంది. ఇక్కడ లంచ్ టేబుల్ దగ్గర పక్కపిల్ల "స్కూట్ ఓవర్" అంటే మాత్రం జరగమంటోందని తెలియలేదు. "హ్యాంగ్ ఆన్", "నెవర్ మైండ్", "కట్ ఇట్ అవుట్" లాంటి మాటలు తను చదివిన పాఠాల్లో ఎప్పుడూ రాలేదు.

వలస వచ్చిన పిల్లల భాష మీద చాలాకాలం పనిచేసిన జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడా చూపించారు. ఆటల్లో, కబుర్లలో వాడే భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరు. మొదటిది ఇంచుమించు రెండేళ్లలో వచ్చేస్తుందని, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన తర్వాత చెప్పారు. మన ఊళ్లలో ఇంగ్లిష్ మీడియం చదివి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇది తలకిందులుగా ఉంటుంది. పాఠం వస్తుంది, కబుర్లు రావు. ఈ సంగతి ఇక్కడి తల్లిదండ్రులు ఎక్కువగా మాట్లాడుకోవాలని నాకు అనిపిస్తుంది. మార్కులు బాగానే వస్తున్నాయి కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. పిల్ల మాత్రం క్లాసులో నోరు విప్పదు.

స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడుగుతూ ఒక ఫారం ఇస్తారు. ఇంగ్లిష్ అని రాసేయండి, లేకపోతే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ ఇంకా పూర్తిగా రాని పిల్లలకి విడిగా నేర్పే క్లాసు) వేస్తారు అని తెలిసినవాళ్లు చాలామంది చెప్పారు. మేం తెలుగు అనే రాశాం. ఉన్నమాట అదే, పైగా ఈఎస్ఎల్ క్లాసంటే చిన్నతనమని మేం అనుకోలేదు. అక్కడ వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటినీ విడివిడిగా చూస్తారు. మా అమ్మాయికి చదవడం, రాయడం బాగున్నాయి. మాట్లాడడమే వెనకబడింది. ఏం లోటో అలా స్పష్టంగా తెలియడం మాకు ఎంతో మేలు చేసింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయికి వర్చువల్ రియాలిటీ పిచ్చి పట్టింది. అంటే తలకి హెడ్‌సెట్ తగిలించుకుంటే వేరే చోట ఉన్నట్టు అనిపించే కంప్యూటర్ దృశ్యాలు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త తలకి తగిలించుకునే డిస్‌ప్లే ఒకటి తయారుచేశారు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. దాని మీద ఒక వీడియో చూసింది. అక్కడినుంచి వరసగా చూడడమే పని. గూగుల్ 2014లో తెచ్చిన కార్డ్‌బోర్డ్ (ఫోన్ పెట్టుకుని చూసే అట్ట హెడ్‌సెట్) ఎలా పనిచేస్తుంది, హెడ్‌సెట్‌లో కటకాలు ఎందుకు, కొందరికి కళ్లు ఎందుకు తిరుగుతాయి, ఇలా. అప్పటికి మా ఇంట్లో హెడ్‌సెట్ లేదు. ఉన్నవి వీడియోలు, లైబ్రరీ పుస్తకాలు మాత్రమే.

పక్కన కూర్చుని వింటూ ఉంటే నాకు ఒక విషయం అర్థమైంది. ఈ వీడియోల్లోని ఇంగ్లిష్ అంతా ఒంటికి సంబంధించింది. పుట్ ఇట్ ఆన్, టేక్ ఇట్ ఆఫ్, లుక్ అరౌండ్, లీన్ ఇన్, స్టెప్ బ్యాక్, రీచ్ అవుట్, లెట్ గో, వాచ్ అవుట్, డోంట్ బంప్ ఇంటూ ద వాల్. చిన్న క్రియ, దాని వెనక ఇంకో చిన్న మాట. మా అమ్మాయికి రానిది సరిగ్గా ఈ ఇంగ్లిషే. పైగా చెప్పేవాళ్లు చెబుతూ చేసి చూపిస్తారు కాబట్టి అర్థం కోసం డిక్షనరీ తెరవక్కర్లేదు. జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలోనే ఇలాంటి పద్ధతిని ప్రచారం చేశారు. టీచరు ఆజ్ఞ ఇస్తే పిల్లలు ఆ పని చేసి చూపిస్తారు, మాట్లాడమని మొదట్లో తొందరపెట్టరు.

మేమూ అదే చేశాం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టి, స్పీడు 0.75కి తగ్గించి, ఒక మాట రాగానే ఆపి, లేచి నిలబడి ఆ పని చేయడం. తర్వాత మా అమ్మాయి వీడియో చూడకుండా నాకు చెప్పాలి, నేను చేయాలి. నోట్‌బుక్‌లో పదాల జాబితా రాయనివ్వలేదు, వాక్యం మొత్తం రాయమన్నాను. "ఐ రన్ అవుట్ ఆఫ్ బ్యాటరీ" అని రాసుకున్న పిల్ల రెండు రోజుల తర్వాత వంటింట్లోకి వచ్చి, "అమ్మా, వుయ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ పెరుగు" అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఒక్క జాగ్రత్త. గేమ్ ఆడుతూ అరిచే వీడియోల్లో భాష పిల్లలు వినదగ్గది కాదు. ఎలా పనిచేస్తుందో వివరించేవే ఎంచుకోండి. హెడ్‌సెట్ కొనేముందు వయసు చూడండి. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్‌కి మొదట 13 ఏళ్లు నిండాలనేవారు. 2023 నుంచి 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకి తల్లిదండ్రుల అధీనంలో ఉండే అకౌంట్ ఇస్తున్నారు. మా ఇంట్లో హోంవర్క్ అయ్యాక అరగంట, అంతకు మించి లేదు.

ఇంత ఇంగ్లిష్ మధ్య తెలుగు ఏమవుతుందన్న టెన్షన్ నాకు లేకపోలేదు. ముఖ్యంగా చిన్నవాడి విషయంలో. వాడు అయిదేళ్లకి వచ్చాడు, ఏడాది తిరిగేలోపు మేం తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. అందుకని ఆదివారం హైదరాబాద్‌కి ఫోన్ చేసినప్పుడు, ఆ వారం నేర్చుకున్నది అమ్మమ్మకి తెలుగులో చెప్పాలని పెట్టాం.

"గా డబ్బా తలకు పెట్టుకుంటే కండ్లు తిరగవా బిడ్డా?" అని మా అమ్మ అడిగింది.

"కొందరికి తిరుగుతాయి అమ్మమ్మా. కళ్లేమో మనం కదులుతున్నాం అంటాయి, చెవి లోపల ఉండేదేమో లేదు, కూర్చునే ఉన్నాం అంటుంది. ఏది నమ్మాలో మెదడుకి తెలీదు."

"అయితే బస్సుల కూసుని పుస్తకం చదివితే గూడ గంతే గద."

అవును, అదే కారణం. బస్సులో చెవికి కదలిక తెలుస్తుంది, పుస్తకం మీదున్న కంటికి తెలియదు. అమ్మమ్మ చెప్పిన ఆ ఉదాహరణని మర్నాడు క్లాసులో ఇంగ్లిష్‌లో చెప్పింది మా అమ్మాయి. అడగకుండా చెయ్యెత్తింది అని టీచరు నాకు మెయిల్ రాశారు. తెలుగులో విషయం పూర్తిగా అర్థమై ఉంటే ఇంగ్లిష్‌లో మాటలే వెతుక్కోవాలి, ఆలోచన వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో తెలుగు ఆపేయమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోనిది ఇందుకే.

ఈ మధ్య మా అమ్మాయి క్వెస్ట్‌లో వాండర్ అనే యాప్ వాడుతోంది. వీధుల్ని అన్ని వైపులా చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫోటోల మధ్య నిలబడినట్టు ఉంటుంది. స్ట్రీట్ వ్యూ 2022లో మన దేశంలో మొదలైన పది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఇంటికి వచ్చిన స్నేహితురాలికి హెడ్‌సెట్ తగిలించి, "టర్న్ అరౌండ్, నౌ లుక్ అప్" అంటూ చార్మినార్ చూపించింది. ఎవరు కట్టారని ఆ పిల్ల అడిగితే, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా అని ఠక్కున చెప్పింది. చుట్టుపక్కల ఆ దుకాణాల్లో ఏం అమ్ముతారని అడిగితే గాజులని చెప్పగలిగింది కానీ, లక్క గాజులు ఎలా చేస్తారో తెలియలేదు. వచ్చే ఆదివారం అమ్మమ్మని అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది అదే. రెండోది తమ్ముడిది: దిల్‌సుఖ్‌నగర్‌లో మన గల్లీ కనిపిస్తోంది కానీ అమ్మమ్మ ఎందుకు కనిపించడం లేదని. దాన్ని వాడే తెలుగులో అడగాలని అక్క చెప్పింది, వాడు సరేనన్నాడు.