చంకలో దురదతో ఏడు నెలలు

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. జ్వరం వస్తే పక్కింటావిడకి కూడా చెప్తాం, షుగర్ ఉంటే పెళ్లిళ్లలో పళ్లెం ముందు కూర్చుని చెప్తాం, చంకలో దురద అని ఎవరికి చెప్తాం చెప్పండి. నేనూ ఎవరికీ చెప్పలేదు, ఒకే మంచం మీద పడుకునే మా ఆయనకి కూడా ఐదు నెలల దాకా చెప్పలేదు. ఆ చెప్పకపోవడం వల్లే పదిహేను రోజుల్లో పోవాల్సింది ఏడు నెలలు పట్టింది, ఇంట్లో ముగ్గురికి అంటింది.

మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి మ్యాథ్స్ చెప్తాను. 2023 మే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్లి జరిగింది. మా ఊరి మే నెల ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్యాన్ కింద కూర్చున్నా వీపు తడిసిపోతుంది. ఆ ఎండలో పట్టుచీర, దాని మీదకి మగ్గం వర్క్ బ్లౌజు, లోపల లైనింగు, చంక దగ్గర బిగుతు. పెళ్లికి ముందురోజే హెయిర్ రిమూవర్ క్రీము రాసుకున్నాను. రెండు రోజులు ఆ బ్లౌజులోనే చెమటలు కక్కుతూ తిరిగాను, నాలుగోరోజు కుడి చంకలో మంట మొదలైంది.

అద్దం ముందు చెయ్యెత్తి చూసుకుంటే రూపాయి బిళ్లంత ఎర్రగా ఉంది. నడుమ చర్మం మామూలుగానే ఉండి అంచు మాత్రం కాస్త లేచి చిన్న చిన్న గింజల్లా, పొట్టు లేస్తూ. క్రీము పడలేదేమో అనుకున్నాను. అప్పుడే ఆ అంచుని సరిగ్గా పట్టించుకుని ఉంటే బాగుండేది, ఎందుకంటే తామర అట్లాగే ఉంటుందని, నడుమ మానుతూ అంచు ముందుకు జరుగుతూ పోతుందని తర్వాత తెలిసింది.

అమ్మకి ఫోన్లో మాటల్లో మాటగా చెమటకాయలు వచ్చాయి అని చెప్తే వేపాకు పసుపు నూరి పెట్టమంది. పెట్టాను, ఒక గంట చల్లగా ఉండేది, ఆరాక చర్మం బిగుసుకుని పగిలేది. తర్వాత పౌడరు చల్లాను, చెమటకి అది ముద్దకట్టి రాసుకుని ఇంకా మండింది. యూట్యూబులో ఎవరో నిమ్మకాయ చెక్కతో రుద్దమంటే అదీ చేశాను, ఆ రాత్రి చెయ్యి దించలేక దిండు మీద పెట్టుకుని పడుకున్నాను. దయచేసి పచ్చి చర్మం మీద నిమ్మకాయ మాత్రం రుద్దకండి.

అప్పుడు మెడికల్ షాపుకి వెళ్లాను. నలుగురు మగవాళ్లు నిలబడి ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగి, కుర్రాడితో చెమటకి దురదగా ఉంది ఏమన్నా ట్యూబు ఇవ్వు బాబూ అన్నాను. ఎక్కడ, ఎన్నాళ్లనుంచి అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. చిన్న ట్యూబు ఒకటి కవర్లో పెట్టిచ్చాడు. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి రాస్తే తెల్లారేసరికి దురద లేదు, మూడోరోజుకి ఎరుపు కూడా పోయింది. ఎంత సంతోషమేసిందో! వారం రాసి ఆపేశాను. ఆపిన ఐదోరోజు మళ్లీ వచ్చింది, ఈసారి అరచెయ్యంత.

జూన్ 12న స్కూళ్లు తెరిచారు. బోర్డు మీద పైనుంచి రాయాలంటే చెయ్యి ఎత్తాలి, ఎత్తితే బ్లౌజు అంచు ఆ పుండు మీద గీసుకుంటుంది. నేను బోర్డు సగం నుంచి కిందకే రాయడం మొదలుపెట్టాను. వెనక బెంచీ పిల్లలు కనపడట్లేదు మేడమ్ అంటే ముందుకొచ్చి కూర్చోండి అనేదాన్ని. ముదురు రంగు జాకెట్లే వేసుకునేదాన్ని, పీరియడ్ పీరియడ్‌కి మధ్య బాత్రూమ్‌లోకి వెళ్లి చున్నీ అంచుతోనో చీర కొంగుతోనో తుడుచుకుని వచ్చేదాన్ని. రాత్రిళ్లు మా ఆయన నిద్రపోయాక వంటింట్లోకి వెళ్లి దువ్వెన పళ్లతో గోక్కునేదాన్ని, గోకినంతసేపూ హాయిగా ఉండేది, ఆ తర్వాత నీళ్లు తగిలితే ప్రాణం పోయేది.

ట్యూబు రాస్తే తగ్గడం, ఆపితే రెండింతలు రావడం, మళ్లీ రాయడం. ఒక ట్యూబు అయ్యాక ఇంకోటి, ఇంకో షాపులో ఇంకో కంపెనీది. సెప్టెంబర్ వచ్చేసరికి ఎడమ చంకలో వచ్చింది, రొమ్ముల కింద వచ్చింది, నడుం చుట్టూ లంగా బొందు కట్టుకునే చోట వడ్డాణంలా వచ్చింది. ఇప్పుడు గుండ్రంగా కూడా లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా అలుక్కుపోయినట్టు ఉంది. చంకలో చర్మం ఉల్లిపొర లాగా పలచబడి లోపలి నరాలు కనిపించేవి, కాన్పు తర్వాత పొట్ట మీద పడతాయి చూడండి, అట్లాంటి గీతలు ఊదారంగులో నాలుగైదు పడ్డాయి. వాటిని చూసి నిజంగా భయమేసింది.

దసరా సెలవుల్లో ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన బనీను విప్పి పడుకుంటే నడుం చుట్టూ, మొలతాడు ఉన్న చోట నల్లగా మచ్చ కట్టి కనిపించింది. ఇదేంటండీ అన్నాను. ఏం లేదులే చెమటకి, అన్నాడు. గట్టిగా అడిగితే గజ్జల్లో కూడా ఉందని, బీరువాలో నేను దాచిపెట్టుకున్న ట్యూబే తనూ రాసుకుంటున్నానని చెప్పాడు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లం ఒకే ట్యూబు వాడుతున్నాం. ఆ వారంలోనే మా తొమ్మిదేళ్ల పాప మెడ దగ్గర గోక్కుంటుంటే చూశాను, చిన్న చుట్ట, అంచు లేచి, నడుమ మామూలుగా. మే నెలలో నా చంకలో మొదటిరోజు ఎట్లా ఉందో అచ్చం అట్లాగే. నాది ఓర్చుకున్నాను గానీ పాపకి కూడా అంటించానని తెలిశాక ఇంక ఆగలేకపోయాను, కూర్చుని ఏడ్చేశాను.

నవంబర్ మొదటివారంలో ముగ్గురం కలిసి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆమె చూసీ చూడగానే అడిగిన మొదటి మాట, ఏం ట్యూబు రాశావమ్మా అని. పేరు గుర్తు లేదంటే అత్తయ్యకి ఫోన్ చేసి ఫోటో తెప్పించమంది. పక్కింటి అబ్బాయి తీసి వాట్సాప్‌లో పంపిస్తే దాన్ని పెద్దగా చేసి నాకే చూపించి చదవమంది. క్లోబెటాసోల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫైన్. ఇందులో మొదటిది స్టెరాయిడ్ అమ్మా, అదీ చాలా బలమైంది, మిగతావి ఎన్ని ఉన్నా ఇది కలిసిందంటే తామరకి తిండి పెట్టినట్టే అంది. ఇంకా ఒక మాట చెప్పింది, అది నాకు జన్మలో మర్చిపోయేది కాదు. "దొంగొస్తే కుక్క మొరుగుతుంది కదా, ఈ దురద, ఎరుపు అంతా ఆ మొరుగుడే. నువ్వు కుక్క నోరు కట్టేశావు, దొంగ లోపలే ఉన్నాడు."

తర్వాత ఒక బ్లేడు మొండి వైపుతో నా నడుం దగ్గర పొట్టు మెల్లగా గీకి గాజుపలక మీద వేసింది, కేఓహెచ్ అని ఒక చుక్క వేసి కాసేపు ఉంచి మైక్రోస్కోపులో చూసింది. చూస్తావా అమ్మా అని నన్నూ పిలిచింది. గవ్వల్లాగా చర్మం కణాలు, వాటి మధ్యలోంచి అడ్డంగా సన్నటి దారాలు, ఒక్కో చోట కొమ్మలుగా చీలిపోయి, మధ్య మధ్య కణుపులతో. అదే ఫంగస్. ఆరు నెలలు ఎలర్జీ, చెమట, వేడి అని నేను పెట్టుకున్న పేర్లన్నీ ఆ గాజుపలక మీద తేలిపోయాయి. అంత చిన్న టెస్టు, అరగంట కూడా పట్టలేదు.

చంకలో వచ్చేదంతా తామర కాదని కూడా చెప్పింది. మా స్కూల్లోనే ఇంకో టీచర్‌కి చంకలో ఎర్రగా వస్తే అది రోల్ ఆన్ పడకపోవడం వల్ల, అది మానేస్తే పోయింది. కొందరికి సోరియాసిస్ చంకల్లోనే వస్తుందట, కొందరికి గోధుమరంగు మచ్చలా బాక్టీరియా వల్ల వస్తుందట, అది ఒక రకం లైటు వేస్తే పగడం రంగులో మెరుస్తుందట. చీముగడ్డలు మాటిమాటికీ వచ్చేది ఇంకో జబ్బు. చూడ్డానికి అన్నీ ఎరుపే, మందులు మాత్రం వేరు వేరు. అందుకే నాకిచ్చిన మందులు చూసి ఎవరూ కొనుక్కోకండి, నా సంగతి చెప్తున్నానంతే.

షుగర్, లివర్ టెస్టులు చేయించి, గర్భం లేదని కనుక్కున్నాక ఇట్రకొనజోల్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పొద్దున సాయంత్రం అన్నం తిన్నాక వేసుకోమంది. రోజూ పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ వేసుకునే అలవాటు నాకు, అడిగి తెలుసుకుని దాన్ని ఆపించింది, ఆ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలంట. ఈ ముక్క తెలియక ఎంతమంది నెలల తరబడి వేసుకుని మందు పని చెయ్యట్లేదు అనుకుంటున్నారో. పైన రాయడానికి లులికొనజోల్ క్రీము, మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ల మేర బాగున్న చర్మం మీద కూడా, బయట నుంచి లోపలికి రాయాలి. రాత్రికి దురద మాత్ర. పాపకి పైపూత ఒక్కటే సరిపోయింది.

మొదటి పది రోజులు మాత్రం నరకం. స్టెరాయిడ్ ఆపేసరికి చంకలు రెండూ కాలిన చర్మంలా ఎర్రబడ్డాయి, నడుం మండిపోయేది. డాక్టర్ ముందే చెప్పింది ఇట్లా అవుతుందని, అయినా ఒకరోజు రాత్రి రెండింటికి లేచి బీరువా తీసి ఆ పాత ట్యూబు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చప్పుడుకి అత్తయ్య లేచొచ్చింది. ఏందే అని అడిగితే ఇంక దాచలేక చెయ్యెత్తి చూపించాను. అయ్యో ఇంత పెట్టుకుని వంట చేస్తున్నావా తల్లీ అని, ట్యూబు నా చేతిలోంచి తీసుకుని, పాత నూలు ధోవతి చింపి కుండలో నీళ్లలో ముంచి పిండి చంకలో పెట్టింది. తెల్లారేదాకా మూడుసార్లు మార్చింది. ఆ చల్లదనానికి నేను ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. తర్వాత ఆ గుడ్డల్ని మరిగించి ఆరేసింది కూడా ఆవిడే.

అదే అత్తయ్య మొలతాడు విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. డాక్టర్ మా ఆయన మొలతాడు చూసి, చెమటకి తడిసి ఎప్పటికీ ఆరదు, ఫంగస్ అందులోనే కాపురం ఉంటుంది, తీసెయ్యాలి అంది. మా వైపు పెళ్లాం పోతేనే మొలతాడు తెంపుతారు. కోడలు కళ్లముందు తిరుగుతుంటే తెంపుతావురా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడు రోజులు ఇదే గొడవ. చివరికి నేనే కూర్చుని, అత్తయ్యా నేను బాగుండాలంటేనే అది తియ్యాలి, ఆయనకి తగ్గకపోతే నాకు తగ్గదు, నాకు తగ్గకపోతే పాపకి తగ్గదు అని చెప్పాను. ఏమీ మాట్లాడకుండా లేచి దేవుడి దగ్గర దీపం పెట్టి, తనే కత్తెర తెచ్చి కొడుక్కిచ్చింది.

బట్టలది ఇంకో పెద్ద పని. ముగ్గురికీ మూడు తువ్వాళ్లు, మా ముగ్గురి బట్టలు మిగతావాటితో కలపకుండా వేడినీళ్లలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేసి, జాకెట్ల కుట్ల మీద, చంక దగ్గర మడతల మీద ఇస్త్రీ పెట్టెతో గట్టిగా నొక్కడం. దుప్పట్లు వారానికి రెండుసార్లు. లైనింగ్ జాకెట్లు పక్కన పెట్టి వదులుగా నాలుగు కాటన్ జాకెట్లు కుట్టించుకున్నాను. స్నానం చేశాక చంకలు అద్ది తుడుచుకుని, ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు చేతులెత్తి నిలబడి పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోవడం. తడి జాకెట్ వేసుకుని స్కూలుకి పరిగెత్తే మనలాంటి ఆడవాళ్లకి ఆ ఐదు నిమిషాలు దొరకడమే కష్టం, అయినా దొరకబుచ్చుకోవాలి.

నాలుగో వారానికి రాత్రిళ్లు దురద లేకుండా నిద్రపోయాను. ఆరో వారానికి చూడ్డానికి ఏమీ లేదు, మందులు ఆపేద్దామా అనిపించింది, ఖర్చు కూడా తక్కువేం కాదు. డాక్టర్ ఒప్పుకోలేదు. ఎనిమిదో వారం మళ్లీ గీకి చూసి దారాలు లేవని తేలాక కూడా ఇంకో రెండు వారాలు వాడించింది. ఈ మధ్య మన దేశంలో మొండి రకం తామర బాగా పెరిగిందని, టెర్బినఫైన్ అనే ఫంగస్ మందుకి లొంగట్లేదని, మధ్యలో ఆపినవాళ్లే మళ్లీ వస్తున్నారని చెప్పింది. 2018లోనే కేంద్రం ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నింటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ లేకుండా అమ్మకూడదంది, అయినా నాకు మూడు షాపుల్లో అడగ్గానే ఇచ్చారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లో ట్యూబు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చదవండి, క్లోబెటాసోల్, బెటామెథసోన్, మోమెటాసోన్, బెక్లోమెథసోన్ ఇట్లాంటి పేర్లు ఉంటే డాక్టర్ చెప్పకుండా దురద మీద రాయొద్దు.

జనవరి సగానికి మందులన్నీ ఆగిపోయాయి. నలుపు మెల్లగా విరిగింది. ఊదారంగు గీతలు తెల్లబడ్డాయి గానీ పోలేదు, పోవని డాక్టర్ చెప్పేసింది, నేనూ వాటి గురించి ఆలోచించడం మానేశాను. బోర్డు పైనుంచి రాస్తున్నాను. మా ఆయన ఇంకా మొలతాడు కట్టుకోలేదు. మొన్న సంక్రాంతికి అత్తయ్య కొత్తది కొని దేవుడి గూట్లో పసుపు రాసి పెట్టింది, అది అక్కడే ఉంది, కట్టుకో అని ఆవిడా అనలేదు.