ఓవర్‌లాక్ మిషన్‌తో ఒక ఆదివారం

ఇవాళ బట్ట ఏదీ కుట్టకూడదని పొద్దున్నే అనుకున్నాను. ఓవర్‌లాక్ మిషన్‌ని కిటికీ పక్క బల్ల మీద పెట్టి, దాని పక్కనే గుడ్డ ముక్కలు కుప్పగా వేసుకున్నాను. నూలు, పాలిస్టర్, పాత టీషర్ట్‌లోంచి కత్తిరించినవి, కాస్త జార్జెట్. కొత్త మిషన్ రాగానే చాలామందికి వెంటనే ఒక ప్యాంటో టాపో మొదలుపెట్టాలనిపిస్తుంది. అలా చేస్తే మనసంతా బట్ట మీదే ఉంటుంది, మిషన్ లోపల ఏం జరుగుతోందో కంటికి ఆనదు. మొదటి రోజు మొత్తం ముక్కలకే ఇవ్వాలని నా గట్టి నమ్మకం.

మామూలు కుట్టు మిషన్‌కి అలవాటుపడిన కంటికి దీంట్లో మొదట కనిపించే తేడా కింది దారం చుట్టి పెట్టే బాబిన్ లేకపోవడం. రెండు సూదులు, రెండు లూపర్లు (దారాన్ని మోస్తూ అటూ ఇటూ ఊగే కొక్కేల్లాంటి లోహపు చేతులు) ఉంటాయి. నాలుగింటికీ వెనకాల నాలుగు దారం కోన్లు. ముందు పక్కన కత్తి. గుడ్డ సూది దగ్గరికి చేరేలోపే అంచు తెగుతుంది, తెగిన అంచుని దారాలు అప్పటికప్పుడే చుట్టేస్తాయి. కోయడం, కుట్టడం, అంచు పోగులు ఊడకుండా కట్టేయడం మూడూ ఒకే నడకలో అయిపోతాయి. రెడీమేడ్ చొక్కా తిరగేసి చూస్తే లోపల అంచుల వెంట కనిపించే దారాల అల్లిక ఇదే.

దారం ఎక్కించకుండానే ముందు మూత తెరిచి, చేతి చక్రాన్ని నా వైపుకి మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను. సూదులు కిందికి దిగుతాయి. అవి మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టగానే కింది లూపర్ ఎడమ నుంచి కుడికి వచ్చి సూదుల వెనక నుంచి దాటిపోతుంది. దారం ఉంటే సరిగ్గా అప్పుడే సూది దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది, లూపర్ దాంట్లో దూరుతుంది. తర్వాత పై లూపర్ పైకి లేస్తూ కింది లూపర్ దారాన్ని అందుకుంటుంది, అంచు చుట్టూ తిరిగి గుడ్డ పైకి వస్తుంది. సూదులు మళ్ళీ దిగేటప్పుడు దాని దారాన్ని పట్టుకుంటాయి. చక్రం తిప్పుతూ ఈ వరస పూర్తిగా అర్థమయ్యేదాకా చూశాను. ఈ పని ఎవరూ మానకూడదు. తర్వాత ఎక్కడ దారం తెగినా, ఎక్కడ కుట్టు తప్పినా, ఏ చోట తప్పుతోందో ఊహించగలిగేది ఇది చూసినవాళ్ళే.

అమెరికాలో కనెక్టికట్‌లో 1838లో మొదలైన ఒక అల్లిక మిల్లు ఉండేది, మెరో కుటుంబానిది. అంచులకి క్రోషే కుట్టు, అంటే కొక్కెం సూదితో అల్లినట్టుండే కుట్టు, వేసే యంత్రాలు తయారుచేస్తూ చేస్తూ ఆ కుటుంబం 1881లో ఓవర్‌లాక్ కుట్టు యంత్రాన్ని తెచ్చింది. చేత్తో అంచు అల్లడానికి పట్టే ఓపిక తెలిసినవాళ్ళకే ఇలాంటి యంత్రం తట్టి ఉంటుంది. లూపర్లని చూస్తుంటే నాకూ క్రోషే సూదే గుర్తొచ్చింది.

దారం ఎక్కించడం దగ్గరే అందరికీ భయం. భయపడాల్సినంత లేదు గానీ తొందరపడకూడదు. నాలుగు కోన్లకీ నాలుగు రంగులు పెట్టాను: ఎడమ సూదికి ఎరుపు, కుడి సూదికి పసుపు, పై లూపర్‌కి నీలం, కింది లూపర్‌కి ఆకుపచ్చ. మిషన్ మీదా దారం వెళ్ళాల్సిన దారుల్లో రంగు చుక్కలు ఉంటాయి. వాటితో కలిసే రంగులు దొరికితే మరీ మంచిది.

ఎక్కించే ముందు, గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకి లేపాలి. ఫుట్ పైన ఉంటేనే దారం బిగువుని అదుపుచేసే టెన్షన్ బిళ్ళలు తెరుచుకుని దారాన్ని లోపలికి తీసుకుంటాయి. ఫుట్ కిందే ఉంటే దారం బిళ్ళల మధ్యలోకి దిగకుండా పైనే ఉండిపోతుంది. అప్పుడు డయల్‌ని ఎటు తిప్పినా కుట్టులో మార్పు రాదు, మిషన్ చెడిపోయిందేమో అనిపిస్తుంది.

ఇక వరస. నా మిషన్‌కి పై లూపర్, కింది లూపర్, కుడి సూది, చివరికి ఎడమ సూది. కొన్ని మోడళ్ళలో కొద్దిగా తేడా ఉంటుంది కాబట్టి మాన్యువల్ చెప్పిందే చెయ్యాలి. కానీ లూపర్ల తర్వాతే సూదులు అన్నది మాత్రం ఊరికే పెట్టిన నియమం కాదు. సూదుల్లో దారం ఉండగా కింది లూపర్‌కి దారం ఎక్కిస్తే, సూది దారం అప్పటికే కింది లూపర్ మీదుగా అడ్డంగా పడి ఉంటుంది. మిషన్ నడపగానే రెండూ ఒకదానికొకటి తగులుకుని తెగుతాయి. మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ తెగుతాయి. అందుకే మధ్యలో కింది లూపర్ దారం ఒక్కటే తెగినా రెండు సూదుల దారాలూ తీసేసి, లూపర్‌కి ఎక్కించి, ఆ తర్వాతే సూదులకి ఎక్కించాలి. లూపర్లు తిరగడం కళ్ళారా చూశాక ఈ నియమం దానంతటదే గుర్తుండిపోయింది.

సూదుల గురించి ఒక మాట. రెండూ బిగించాక ఎడమది కుడిదానికన్నా కాస్త పైకి కనిపిస్తుంది. చాలా మిషన్లలో అది మామూలే, రెంటినీ సమం చేయాలని కిందికి లాగకూడదు. సూది రకం కూడా మాన్యువల్‌లో రాసిందే వాడాలి. కొన్ని మిషన్లు మామూలు ఇంటి మిషన్ సూదులు తీసుకుంటాయి, కొన్నింటికి వాటికంటూ వేరే రకం ఉంటుంది.

నాలుగు దారాల కొసల్నీ ఫుట్ కిందుగా వెనక్కి లాగి పట్టుకుని, గుడ్డ లేకుండానే కాస్త నడిపాను. వెనక నుంచి సన్నటి జడలాగా గొలుసు బయటికి వచ్చింది. మామూలు మిషన్‌ని గుడ్డ లేకుండా నడిపితే దారాలు చిక్కుపడతాయి. దీనికి గుడ్డ లేకపోయినా అల్లుకోవడం వచ్చు. అందుకే కుట్టు మొదట్లోనూ చివర్లోనూ గుడ్డకి బయట కొంచెం గొలుసు వదలాలి.

మధ్యాహ్నం అంతా టెన్షన్ డయళ్ళతోనే గడిచింది. రోజంతటిలో నాకు బాగా నచ్చింది ఇదే. నాలుగింటినీ మామూలు స్థానంలో, అంటే 4 దగ్గర పెట్టి రెండు పొరల నూలు గుడ్డ కుట్టాను. కుట్టు సరిగ్గా ఉంటే నీలం గుడ్డ పైవైపునే ఉంటుంది, ఆకుపచ్చ కిందివైపునే ఉంటుంది, రెండూ అంచు మీద కలుసుకుంటాయి. తర్వాత కావాలనే ఒక్కో డయల్‌ని చెడగొట్టి చూశాను. పై లూపర్‌ని బాగా వదులు చేస్తే నీలం అంచు దాటి కిందివైపుకి పాకింది. కింది లూపర్‌ని వదులు చేస్తే ఆకుపచ్చ పైకి వచ్చింది. రెండూ వదులైతే ఉచ్చులు అంచు బయట గాల్లో వేలాడాయి. రెండూ బిగిస్తే గుడ్డ అంచు ముడుచుకుని గొట్టంలా అయింది. ఎడమ సూది దారాన్ని వదులు చేసి, గుడ్డని విప్పి రెండు వైపులా లాగితే, కుట్టు మధ్యలో ఎర్రటి దారాలు నిచ్చెన మెట్లలా బయటపడ్డాయి.

ఒకే రంగు దారాలతో ఇదే చేస్తే ఏమీ కనిపించేది కాదు. కుట్టు బాగాలేదని మాత్రం తెలుస్తుంది, ఎవరి వల్ల బాగాలేదో తెలియదు. రంగులుంటే ఏ డయల్ ముట్టుకోవాలో కుట్టే చూపిస్తుంది. ఈ గుడ్డకి ఇంత అంకె, ఆ గుడ్డకి అంత అంకె అని బట్టీ పట్టాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: అంకెలు దారం మందంతోనూ, గుడ్డతోనూ, మిషన్‌తోనూ మారిపోతాయి. కుట్టుని చదవడం వస్తే మాత్రం ఏ మిషన్ ముందు కూర్చున్నా పని జరుగుతుంది. ఒకసారికి ఒక్క డయలే, అదీ అర అంకె చొప్పున తిప్పి మళ్ళీ కుట్టి చూడాలి. రెండు డయళ్ళు ఒకేసారి తిప్పితే ఏది దేని వల్ల మారిందో మళ్ళీ తెలియకుండా పోతుంది.

ఈలోగా అక్క ఫోన్ చేసింది.

"ఏంటే, కొత్త మిషన్ వచ్చిందిగా, పాతది నాకిచ్చేయరాదూ?"

"లేదక్కా, రెండూ కావాలి. దీంతో కాజా వెయ్యలేను, జిప్పు పెట్టలేను, పైకుట్టు వెయ్యలేను. వెనక్కి కుట్టడం కూడా ఉండదు."

"మరి దేనికే అంత మిషన్?"

దేనికో ఫోన్‌లో చెప్పడం కష్టం. ఓసారి వచ్చి చూడమన్నాను. టీషర్ట్ గుడ్డ మీద కుట్టు చూపిస్తే చాలు, అక్కే ఒప్పుకుంటుంది.

నిజానికి సాగే గుడ్డ దగ్గరే ఈ మిషన్ విలువ తెలుస్తుంది. మామూలు తిన్న కుట్టు వేసిన టీషర్ట్ తల మీదుగా లాగితే పటపటమని దారం తెగుతుంది. ఓవర్‌లాక్ కుట్టు గుడ్డతోపాటే సాగుతుంది. అయితే మొదటి ముక్క మీద అంచు అలలు అలలుగా వచ్చింది. డిఫరెన్షియల్ ఫీడ్ ఉన్నది దీనికోసమే. ఫుట్ కింద గుడ్డని నడిపే పళ్ళు రెండు జతలుంటాయి, ముందొకటి వెనకొకటి. డయల్ 1 మీద ఉంటే రెండూ సమానంగా నడుస్తాయి. 2 దగ్గర పెడితే ముందు పళ్ళు వెనకవాటికన్నా రెట్టింపు గుడ్డని లోపలికి తోస్తాయి. సాగే గుడ్డ ఫుట్ కింద సాగిపోకుండా ఇది ఆపుతుంది. నా టీషర్ట్ ముక్కకి 1.5 దగ్గర అలలు పోయి అంచు చదునుగా పడింది. జార్జెట్‌కి దీనికి పూర్తిగా తిరగేసి, 1 కన్నా తగ్గించాల్సి వచ్చింది. 0.7 వైపు వెళ్తే గుడ్డ కొంచెం బిగువుగా లాగినట్టు నడుస్తుంది, ముడతలు పడదు. అదే 2 దగ్గర పల్చటి నూలు గుడ్డ పెడితే సన్న కుచ్చిళ్ళు వచ్చేస్తాయి. పిల్లల గౌనులకి ఎంత బాగుంటుందో!

కత్తి విషయంలో మాత్రం మనసు గట్టిగా పెట్టుకోవాలి. తప్పు కుట్టు విప్పొచ్చు, కోసిన గుడ్డ తిరిగి రాదు. గుండుసూది కత్తి కిందికి వెళ్తే కత్తి నొక్కుపడుతుంది, సూది విరిగి ముక్క ఎటైనా ఎగరొచ్చు. అందుకే ఇవాళ గుండుసూదులు డబ్బాలోంచి తియ్యనేలేదు, అన్నీ క్లిప్పులే. కుట్టేటప్పుడు చూపు సూది మీద కాకుండా కత్తి మీద ఉండాలని కూడా వంపులు కుడుతుంటే అర్థమైంది. కత్తి సూదికి ముందుంటుంది కాబట్టి గుడ్డని సూది దగ్గర తిప్పితే అప్పటికే కోత దారి తప్పి ఉంటుంది. గుడ్డ కింద రెండో పొర మడతపడి కత్తి కిందికి రాకుండా ఎడమచేత్తో తడుముతూ ఉండటం ఇంకో అలవాటు. బయటి మూలలకి పెద్ద విద్యేం అక్కర్లేదు: ఒక వైపు చివరిదాకా కుట్టి గొలుసుతో బయటికి వచ్చేయాలి, రెండో వైపు కొత్తగా మొదలుపెట్టాలి.

కుట్టు చివర ముడెయ్యడం ఎలా అన్నది నాకు మొదట్నుంచీ ఉన్న సందేహం. పెద్ద కన్నున్న సూదిలో గొలుసు కొసని ఎక్కించి, అంచు కుట్టు లోపలినుంచి కొంచెం దూరం దూర్చి, మిగిలింది కత్తిరించేస్తే ముడి అవసరమే లేదు. దీని మీదుగా ఇంకో కుట్టు వచ్చే చోట అయితే అదీ అక్కర్లేదు.

విప్పడం ఎంత తేలికో చూసి ఆశ్చర్యపోయాను. సూది దారాలు రెంటినీ అక్కడక్కడ కత్తిరించి లాగేస్తే లూపర్ దారాలు వాటంతటవే ఊడి చేతిలోకి వస్తాయి. రంగు మార్చడానికీ మొత్తం మళ్ళీ ఎక్కించనక్కర్లేదు. పాత దారాన్ని కోన్ దగ్గర కత్తిరించి, కొత్త దారం కొసకి ముడేసి, టెన్షన్‌ని బాగా వదులు చేసి మెల్లగా లాగితే కొత్త దారం దారి వెంట వచ్చేస్తుంది. సూదుల దారం ముడి మాత్రం సూది కంటిలో పట్టదు, అక్కడ ఆపి, ముడి కత్తిరించి, చేత్తో ఎక్కించాలి.

సాయంత్రం మూత తెరిచేసరికి లోపల దూది పేరుకుపోయి ఉంది. కత్తి కోసే ప్రతి అంచు నుంచీ పొడి రాలుతుంది కదా. బ్రష్‌తో లూపర్ల చుట్టూ, పళ్ళ మధ్యా శుభ్రం చేశాను. నోటితో ఊదితే అది ఇంకా లోపలికే పోతుంది.

బాగా వచ్చిన ముక్కలన్నీ ఒక నోట్‌బుక్‌లో పిన్ కొట్టి, పక్కనే గుడ్డ పేరు, నాలుగు టెన్షన్ల అంకెలు, కుట్టు పొడవు, డిఫరెన్షియల్ రాసుకున్నాను. చెడ్డ ముక్కలు కూడా పారెయ్యలేదు. నీలం కిందికి జారినది, అంచు గొట్టమైనది, అలలు పడ్డది, వేటికి ఏం కారణమో రాసి వెనక పేజీల్లో పెట్టాను. మంచి ముక్కలకన్నా వాటినే ఎక్కువసార్లు తిరగేస్తానని నాకు తెలుసు.

రోల్డ్ హెమ్, అంటే అంచుని సన్నగా చుట్టి కుట్టేది, ఇవాళ ముట్టుకోలేదు. దానికి ఎడమ సూది తీసేయాలి, స్టిచ్ ఫింగర్ (కుట్టు దేని చుట్టూ అల్లుకుంటుందో ఆ చిన్న లోహపు పుల్ల) వెనక్కి జరపాలి, కింది లూపర్ టెన్షన్ బాగా పెంచాలి. అది ఇంకో రోజు పని. రేపు తెల్లదారాలు ఎక్కించి దిండు గలీబులు మొదలుపెడతాను. అన్నీ తిన్నటి అంచులే, వంపులు లేవు. అవి అయ్యాక పైజామా.