దిగులుకి పేరు వెతికిన రాత్రి

రాత్రి పదీ ఇరవై. ఇల్లంతా సద్దుమణిగింది. రాయాలని అసలు లేదు. అయినా ఇవాళ్టి రోజుని ఇక్కడ దించకుండా పడుకుంటే రేపు పొద్దున్న దీన్నే మోసుకుంటూ లేస్తానని తెలుసు. అందుకే కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక బూటు విప్పాను. రెండోది విప్పడానికి చెయ్యి కదల్లేదు. బ్యాగు భుజానే ఉంది. లైటు కూడా వెయ్యలేదు. గడియారం చూసుకునేసరికి ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. పోనీ ఆ ఇరవై నిమిషాలూ విశ్రాంతిగా ఉన్నానా అంటే అదీ లేదు. పొద్దుటి మీటింగే తలలో తిరుగుతోంది. మా పైఅధికారి అన్న మాట, నేను చెప్పాల్సిన జవాబు, మళ్లీ ఆయన అన్న మాట. అప్పుడు నోటికి రాని జవాబులన్నీ ఇంటికొచ్చాక ఒకదాని వెనక ఒకటి తోస్తాయి.

జరిగింది పెద్ద విషయమేం కాదు. నెలవారీ రిపోర్టులో ఒక అంకె తప్పు వచ్చింది. ఆ అంకె నాకు వేరేవాళ్లు పంపింది. నేను సరిచూసుకోవాల్సింది, చూసుకోలేదు, అంతవరకు నా తప్పే. మా పైఅధికారి అందరి ముందూ ఆ పేజీ పైకెత్తి, "ఇంత చిన్న విషయం కూడా చూసుకోకపోతే ఎలాగండీ?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కోపం వచ్చేదేమో. మామూలుగానే అనేసి పేజీ తిప్పేశారు. ఆ తర్వాత సాయంత్రం దాకా నేనూ మామూలుగానే పనిచేశాను, నవ్వాల్సిన చోట నవ్వాను కూడా. అదంతా గుమ్మం దాకా ఆగి, స్టూలు మీద కూర్చోగానే ఒక్కసారిగా మీద పడింది.

లేవబోతే దవడ నొప్పి తెలిసింది. ఎప్పటినుంచి పళ్లు బిగబట్టుకుని ఉన్నానో! భుజాలు చెవుల వైపు ఎక్కి ఉన్నాయి. బ్యాగు పట్టీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, చెయ్యి తెరిస్తే అరచేతిలో దాని నేత అచ్చు దిగి ఉంది, ఎర్రగా, చిన్న చిన్న గళ్లతో. దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆపద ఎదురైతే ఒళ్లు పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త 1915లోనే రాశాడు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. నేనేమో పోట్లాడనూ లేదు, లేచి పరుగెత్తనూ లేదు. కుర్చీలో కూర్చుని తల ఊపాను. ఆ బిగింపంతా పోయే దారి లేక నాతోపాటే ఇంటికొచ్చింది.

అందుకని ముందు ఒంటి సంగతి చూశాను. ఒళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నప్పుడు మనసుకి ఎన్ని మంచి మాటలు చెప్పినా ఎక్కవు, ఇది నాకు చాలాసార్లు అనుభవమైంది. నేల మీద వెల్లకిలా పడుకుని, కుడి పిడికిలి బిగించి, ఏడు దాకా లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేశాను. తర్వాత ఎడమది. తర్వాత భుజాలు, కడుపు, పిక్కలు, పాదాలు, చివర్న మొహం. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1920ల్లో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఊరికే వదులుగా ఉండమంటే ఒళ్లు వినదు. ఒకసారి బిగించి వదిలితే మాత్రం, ఇంతసేపూ ఎంత బిగుతుగా ఉందో అప్పుడు తెలుస్తుంది. దవడ దగ్గరికి వచ్చేసరికి నాకు కన్నీళ్లు వచ్చేశాయి. ఆపుకోలేదు.

కాసేపయ్యాక ఊపిరి మీద దృష్టి పెట్టాను. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించుకుంటే నాడి తెలుస్తోంది. పీల్చేటప్పుడు కాస్త వడిగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా. అందరి గుండే అంతే, ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నరం దాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది. ఎప్పుడో చదివిన ఆ సంగతి నా వేళ్ల కిందే జరుగుతుంటే, నేను అడక్కుండానే నా కోసం ఒకటి పనిచేస్తోందని ఎంతో ఊరటగా అనిపించింది.

ఒళ్లు వదులైంది. దిగులు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మధ్యలో ఫోను పట్టుకుని అరగంట పోగొట్టాను. ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. తర్వాత ఆరేసిన బట్టలు తెచ్చి మంచం మీద పోశాను. మడత పెట్టాలని ఏమాత్రం లేదు. కానీ చెయ్యాలనిపించాక చేద్దాంలే అనుకుంటే ఇలాంటి రోజున ఏదీ చెయ్యాలనిపించదు. పని ముందు మొదలుపెడితే ఉత్సాహం దాని వెనక వస్తుంది. 1970ల్లో పీటర్ లూయిన్‌సన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చిన చికిత్సకి కూడా ఇదే ఆధారం. మూడు తువ్వాళ్లు మడిచేదాకా ఏమీ మారలేదు. నాలుగోదాని అంచులు కలిపి అరచేత్తో సాఫు చేస్తుంటే, ఆ మీటింగు నా తలలో లేదని గమనించాను. గమనించగానే మళ్లీ వచ్చిందనుకోండి. కానీ పోగలదని తెలిసింది.

అప్పుడు ఈ నోట్‌బుక్ తెరిచాను. మొదటి వాక్యం, "ఇవాళ చాలా టెన్షన్." రాశాక చూస్తే అబద్ధంలా కనిపించింది. టెన్షన్ రాబోయేదాని గురించి. నాదేమో అయిపోయినదాని గురించి. కొట్టేశాను. "కోపం" అని రాశాను. కోపమైతే ఒంట్లో వేడి ఉండాలి, నేనేమో చల్లబడిపోయి ఉన్నాను. అదీ కొట్టేసి "అవమానం" అని రాశాను. కొంచెం దగ్గరికి వచ్చింది. కానీ అవమానమైతే ఆయన మొహం గుర్తుకు రావాలి కదా. నాకు పదేపదే గుర్తొస్తున్నది బల్లకి అటువైపు కూర్చున్న నా సహోద్యోగి. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకి తెలుసు. నావైపు ఒకసారి చూసి, తల దించుకుని, పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ ఉండిపోయింది. ఆ టిక్కు టిక్కు ఇప్పటికీ వినిపిస్తోంది. మూడేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నాం. ఒక్క మాట అంటుందనుకున్నాను. అనలేదు.

చిన్నబోయాను.

ఆ మాట కాగితం మీద పడగానే గుండెల్లో ఏదో సడలింది. ఎంత కచ్చితమైన మాట! కూర్చున్న కుర్చీలోనే మనిషి కాస్త తగ్గిపోయినట్టు. దిగులు, గుబులు, బెంగ, విసుగు, చిరాకు, ఒక్కోదానిది ఒక్కో బరువు. ఇన్నేళ్లుగా వీటన్నిటినీ టెన్షన్ అనే ఒకే సంచిలో కుక్కేశాను. సంచి బరువు తెలిసేది, లోపల ఏముందో తెలిసేది కాదు. బెంగైతే ఆ మనిషిని చూస్తే తీరుతుంది. గుబులైతే కబురు తెలిస్తే పోతుంది. విసుగైతే పని మార్చినా చాలు. చిన్నబోయిన మనసుకి మాత్రం ఇంకో మనిషి తోడు కావాలి. ఒక భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో ఆపదని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం హడావుడి తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2007లో స్కానింగులతో చూపించింది. నాకైతే సరైన పేరు దొరికాకే ఏం చెయ్యాలో కూడా తెలిసింది.

అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, పది నిమిషాలు ఖాళీయేనా? సలహా ఏం వద్దు, ఊరికే విను" అన్నాను. "చెప్పు నాన్నా" అంది. అంతా విని, చివర్న "తను మాట్లాడి ఉండాల్సింది" అంది. అంతే అంది. నాకు అంతకంటే అక్కర్లేదు కూడా. కాసేపాగి, "పోయినసారిలా లేదు కదా?" అని అడిగింది.

లేదు. పోయినేడాది సంగతి వేరు. మూడు వారాలు పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా అదే బరువు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, ఇష్టమైనవేవీ సహించేవి కావు. అలసటలే అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఇలా రెండు వారాలు దాటితే ఆగకుండా రావాలని డాక్టరు చెప్పాకే నాకు తెలిసింది. ముందే వెళ్లి ఉంటే ఎన్ని రోజులు మిగిలేవో. చదివేవాళ్లలో ఎవరైనా అలా ఉంటే, బతకాలని లేదనిపిస్తుంటే మరీ, ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఎవరితోనైనా చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇవాళ్టి నా దిగులు అది కాదు. పొద్దున లేదు, సాయంత్రం వచ్చింది, తువ్వాలు మడిచేటప్పుడు కాసేపు పక్కకి జరిగింది.

ఇక రేపటి పనులు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, చెయ్యాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే త్వరగా నిద్రపోయారని 2018లో వచ్చిన ఒక పరిశోధన. 57 మందితో చేసిన చిన్న పరిశోధనే, అయినా నాకు పనికొస్తోంది. తలలో తిరిగేది కాగితం మీదికి వస్తే, మర్చిపోతానేమోనని పదేపదే తల్చుకునే పని ఉండదు.

మొదటిది తేలికే. అంకె సరిచేసి, రిపోర్టు పదిలోపు మళ్లీ పంపాలి. రెండోదాని దగ్గర పెన్ను ఆగింది. నిన్న నువ్వు ఒక్క మాట అని ఉంటే బావుండేది అని తనతో చెప్పాలా? తనకీ ఏదో భయం ఉందేమో. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలీదు. "తనతో పది నిమిషాలు కూర్చోవాలి" అని మాత్రం రాశాను.

పదకొండు దాటింది. ఆవలింతలు వస్తున్నాయి. అరచేతిలో గళ్లు పోయాయి. లైటు తీసేస్తున్నాను.