పికప్‌లో ఇంజిన్ మార్చే ముందు వైరింగ్ లెక్క

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పాత పికప్‌కి ఇంజిన్ మార్చడం కొత్త సంగతేమీ కాదు. ఛాసిస్ గట్టిగానే ఉంటుంది, తొట్టి ఇంకో అయిదేళ్ళు వస్తుంది, ఇంజిన్ మాత్రం బోరు అరిగి ఆయిల్ తాగుతూ ఉంటుంది. చైన్ బ్లాకు, నలుగురు మనుషులు, నిఖార్సైన మెకానిక్ ఉంటే పాతది దింపి కొత్తది ఎక్కించడం రెండు రోజుల పని. ఆ తర్వాత బండి పదిహేను రోజులు షెడ్డులోనే ఉండిపోతుంది. దాదాపు ప్రతిసారీ కారణం వైర్లే. ఇంజిన్ కొన్నవాళ్ళు వైరింగ్‌ని కొనరు, అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఏ ఇంజిన్ అన్నది తేల్చుకోవాలి. బొలెరో పికప్‌లో ఉండేది 2523 సీసీ. టాటా 207 డీఐలో 2956 సీసీ. రెండూ 12 వోల్టుల బళ్ళే కాబట్టి దాన్ని దీన్లో పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. బెల్ హౌసింగ్ కలవదు, ఆయిల్ సంపు వచ్చి ముందు క్రాస్ మెంబర్‌కి తగులుతుంది, ఫ్యాను రేడియేటర్ మీదికొస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి జాయింట్లు అరుగుతాయి. ఇవన్నీ సరిచేసుకున్నా కాగితం దగ్గర ఆగిపోతారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే పని సులువు. అనుమతి ముందే అడగండి, ఇంజిన్ నంబరు రాసి ఉన్న బిల్లు దగ్గర పెట్టుకోండి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోండి. ఒకవేళ అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని అదే సెక్షన్ చెబుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 పొగ నిబంధనలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. బీఎస్-4 బండిలో పాత బీఎస్-3 పంపు ఇంజిన్ (కంప్యూటర్ లేకుండా పంపే డీజిల్ లెక్క చూసుకునేది) కూర్చోబెడితే ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఇంకో తిరకాసు ఉంది: బండి ఆంధ్రా నంబరు, యజమాని ఉండేది ఓడీ-18 రాయగడలోనో ఓడీ-10 కొరాపుట్‌లోనో. ఆ అడ్రసు గొడవ ఇంజిన్ కొనక ముందే తేలాలి.

ఇక కొనుగోలు. విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చుకున్నా, సాలూరులో దొరికినా, ఇంజిన్ ఒక్కటే లారీ ఎక్కించుకుని రాకండి. పంపు ఇంజిన్ అయితే సెల్ఫ్ మోటారు, డైనమో, స్టాప్ సోలినాయిడ్ (కరెంటు పోతే డీజిల్‌ని ఆపేసేది), సెన్సర్లు దాని మీదే ఉండాలి. కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ని కంప్యూటర్ నడిపేది) అయితే సెట్టు మొత్తం కావాలి: ఈసీఎం (ఆ కంప్యూటర్ డబ్బా), ఇంజిన్ మీది వైరింగ్ కప్లర్లతో (వైర్ల ప్లగ్గులతో) సహా, ఎక్సలేటర్ పెడల్, ఫ్లైవీల్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుంటే స్టార్ట్ కానివ్వనిది) ఉంటే దాని డబ్బా, తాళంచెవి. ఫ్లైవీల్ ఎందుకంటే చాలా ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ళు దాని మీదే ఉంటాయి. పాత ఫ్లైవీల్ వేసేస్తే సెల్ఫ్ తిరుగుతుంది, ఈసీఎంకి మాత్రం ఇంజిన్ తిరుగుతున్నట్టు తెలియదు. ప్రతి ఇంజెక్టర్ నెత్తి మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది. అది ఏ సిలిండర్‌దో రాసుకుని, ఫోటో తీసుకోండి. ఇంజెక్టర్లు అటూఇటూ అయితే ఆ కోడ్‌ని స్కానర్‌తో ఈసీఎంలో మళ్ళీ ఎక్కించాలి. లేకపోతే ఐడిలింగ్‌లో కుదుపు, పొగ.

అమ్మేవాడు వైరింగ్‌ని కత్తిరించి ఇస్తానంటే ఒప్పుకోకండి. కత్తిరించిన చోట ఒకే రంగు వైర్లు నాలుగు కనిపిస్తాయి, ఏది ఎటు పోవాలో ఎవరికీ తెలియదు. కప్లర్లు ఊడదీసి, మొత్తం చుట్ట చుట్టి ఇమ్మనండి. దానికి వెయ్యో రెండు వేలో ఎక్కువైనా ఇవ్వండి.

పాత ఇంజిన్ దింపే ముందు ఒక పూట నోటు పుస్తకానికి కేటాయించాలి. ప్రతి కప్లర్‌కీ రెండు వైపులా ఒకే నంబరు అతికించండి. పేర్లు రాయొద్దు. మన షెడ్లలో మెకానిక్ తెలుగు చదువుతాడు, హెల్పరు ఒడియా చదువుతాడు, 17 అంటే మాత్రం ఇద్దరికీ ఒకటే. పుస్తకంలో నంబరు, వైరు రంగు, ఎక్కడి నుంచి ఎక్కడికి, కీ ఆఫ్‌లో వోల్టేజి, కీ ఆన్‌లో వోల్టేజి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజి అని ఆరు గళ్ళు గీయండి. ఆ ఆఖరి గడిని చాలామంది వదిలేస్తారు. అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

ఎందుకో చెబుతాను. కీ స్విచ్‌లో కొన్ని టెర్మినళ్ళు సెల్ఫ్ కొట్టేటప్పుడు చచ్చిపోతాయి. టేప్ రికార్డరు, బ్లోయర్ లాంటివాటి లైను అది. రోటరీ పంపు మీది స్టాప్ సోలినాయిడ్‌కి గానీ, ఈసీఎంని లేపే ఇగ్నిషన్ వైరుకి గానీ ఆ లైను ఇచ్చారనుకోండి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. విసుగొచ్చి కీ వదిలేసిన క్షణంలో ఒక్కసారి టక్కున తన్ని ఆగిపోతుంది. ఆ లక్షణం కనిపిస్తే పంపు విప్పకండి, నోజిళ్ళు విప్పకండి. సెల్ఫ్ కొడుతూ ఆ వైరు మీద మీటరు పెట్టండి, సున్నా చూపిస్తుంది. ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ బతికుండే 15 నంబరు టెర్మినల్‌కి మార్చితే సరిపోతుంది.

తర్వాతది ఎర్త్. కొత్త ఇంజిన్ రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుంటుంది, అంటే ఛాసిస్‌తో కరెంటు సంబంధం లేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకి ఒకటి, బ్లాకు నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి ఒకటి, మొత్తం మూడు ఎర్త్‌లు ఉండాలి. బ్లాకుది మరచిపోతే సెల్ఫ్ మోటారు కరెంటు తిరిగి వెళ్ళడానికి క్లచ్ కేబుల్‌నో ఎక్సలేటర్ కేబుల్‌నో వెతుక్కుంటుంది. కేబుల్ వేడెక్కి పైన తొడుగు కరిగి పొగొస్తుంది. అది చూసి కేబుల్ మార్చేస్తారు, కొత్తదీ వారంలో కాలిపోతుంది. థింబుల్ (కేబుల్ చివరి లోహపు రింగు) కూర్చునే చోట రంగు, తుప్పు గీకి తెల్ల ఇనుము తేలాక బోల్టు బిగించి, పైన గ్రీజు రాయండి.

కేబుల్ మందం ఊహతో తేల్చేది కాదు. 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ 2 మీటర్ల పొడవున 250 ఆంపియర్లు మోస్తే సుమారు అర వోల్టు దాన్లోనే పోతుంది. 35 స్క్వేర్ అయితే పావు వోల్టు. బ్యాటరీ సీటు కింద ఉండి కేబుల్ పొడుగైతే 50 స్క్వేర్ వెయ్యండి. వెల్డింగ్ కేబుల్ మన ఊళ్ళలో సులువుగా దొరుకుతుంది, బాగానే పనిచేస్తుంది, కానీ రాగి పూత వేసిన అల్యూమినియం కూడా అదే రంగులో అమ్ముతున్నారు. ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే తిరిగిచ్చెయ్యండి. అంతా బిగించాక సెల్ఫ్ కొడుతూ కొలవాలి: బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా అర వోల్టుకి మించి పడకూడదు, బ్యాటరీ మైనస్ నుంచి బ్లాకు దాకా 0.3 దాటకూడదు, బ్యాటరీ మీద 9.6 కన్నా దిగకూడదు. ఈ మూడు కొలతలూ సరిగ్గా ఉంటే సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా తప్పు వైరింగ్‌ది కాదని ధైర్యంగా చెప్పొచ్చు.

సెల్ఫ్ సోలినాయిడ్ చిన్న వైరు, అంటే 50 నంబరు టెర్మినల్‌ది, ఒక్క క్షణం 30 నుంచి 40 ఆంపియర్లు లాగుతుంది. పాత కీ స్విచ్ మీదుగా నేరుగా ఇస్తే స్విచ్ పాయింట్లు కాలిపోతాయి. రిలే పెట్టి, దాని మీద పెద్ద కరెంటు పోయే 30, 87 నంబరు టెర్మినళ్ళకి 4 లేదా 6 స్క్వేర్ వైరు వాడండి. ఇంటి కరెంటు వైరు ఇంజిన్ దగ్గర వద్దే వద్దు. వేడికి దాని పీవీసీ పెళుసై పగులుతుంది. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, వైరుని. 1.5 వైరుకి 15, 2.5కి 20, 6కి 40 ఆంపియర్ల ఫ్యూజు, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోపు.

హీటర్ ప్లగ్‌లున్న ఇంజిన్ అయితే సెమిలిగుడ, పొట్టంగి వైపు తిరిగే బండికి వాటి సంగతి తప్పకుండా చూడాలి. చలికాలం తెల్లవారుజామున అక్కడ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు ప్లగ్‌లూ కలిసి మొదట 60 ఆంపియర్లు దాటుతాయి, తర్వాత 40 దగ్గర నిలుస్తాయి. మామూలు హెడ్‌లైట్ రిలే దానికి చాలదు, దాని సొంత పెద్ద రిలే, 10 స్క్వేర్ వైరు, నిదానంగా పోయే 60 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ప్లగ్ మంచిదో కాదో వైరు ఊడదీసి మీటరు పెడితే తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ లోపు చూపించాలి. ఏమీ చూపించకపోతే కాలిపోయినట్టే.

డైనమో దగ్గర రెండు విషయాలు. ఒకటి ఛార్జింగ్ బల్బు. 2, 3 వాట్ల ఆ చిన్న బల్బు గుండా వెళ్ళే కరెంటే డైనమోని లేపుతుంది. దాని స్థానంలో ఎల్‌ఈడీ పెడితే రేజ్ చేసేదాకా ఛార్జింగ్ రాదు. రెండోది, మన దగ్గర చాలా డీజిల్ బళ్ళలో బ్రేకు బూస్టరుకి వ్యాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉంటుంది. ఆంపియర్లు ఎక్కువని వేరే డైనమో వేసేస్తే ఛార్జింగ్ బాగుంటుంది, బ్రేకు పెడల్ రాయిలా తయారవుతుంది. దాని ఆయిల్ పైపులు, వ్యాక్యూమ్ పైపు ఎటు పోతాయో చూశాకే డైనమో ఖాయం చేసుకోండి.

ఈసీఎం వైరింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది మెయిన్ రిలేలో. ఈ రిలేకి బ్యాటరీ నుంచి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాని ఎర్త్‌ని ఈసీఎం తనే లాగుతుంది. కీ ఆపాక కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచి, లెక్కలు దాచుకుని అప్పుడు వదులుతుంది. తేలికని రిలేని నేరుగా కీకి కలిపేస్తే ఆ దాచుకోవడం జరగదు, పొద్దున్నే స్టార్టింగ్ ఇబ్బందులు మొదలవుతాయి. ఎర్త్ వైర్లన్నీ ఒకే చోట, బ్లాకు మీదో బ్యాటరీ మైనస్ మీదో కలవాలి, క్యాబిన్ రేకు మీద కాదు. క్రాంక్ సెన్సర్ వైర్లు మెలితిప్పి ఉంటాయి, పైన జాలీ ఉంటుంది. పొడవు పెంచాల్సి వస్తే అలాగే మెలితిప్పండి, జాలీని ఈసీఎం వైపు మాత్రమే ఎర్త్ చెయ్యండి. పెడల్ నుంచి ఆరు వైర్లు వస్తాయి: రెండు 5 వోల్టులు, రెండు ఎర్త్‌లు, రెండు సిగ్నళ్ళు. ఎక్కువ బళ్ళలో ఒక సిగ్నల్ రెండోదానికి సగం ఉంటుంది. ఆ రెండూ తారుమారైతే ఇంజిన్ ఐడిలింగ్ దాటదు. పాత మీటరులోని వేడి ముల్లుకి దాని పాత సెండర్నే వేరుగా బిగించండి, ఈసీఎం సెన్సర్‌ని పంచుకుంటే రెండూ అబద్ధం చెబుతాయి.

ఫౌండేషన్ బ్రాకెట్లకి వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ రెండు కేబుళ్ళూ, ఈసీఎం కప్లరూ తీసేసి ఉండాలి. జాయింట్లని టంకంతో గట్టిపరిస్తే ఇంజిన్ అదురుకి టంకం ఆగిన చోట వైరు విరుగుతుంది. మంచి ప్లయరుతో క్రింప్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి. జాయింట్లన్నీ ఒకే చోట పడకుండా కాస్త కాస్త దూరంగా వెయ్యండి. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి బెత్తెడు దూరం తప్పనిసరి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి దాటే చోట వైరు బిగుతుగా ఉండకూడదు, లోడుతో గేరు వేసినప్పుడు ఇంజిన్ ఊగుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు తొందరపడకండి. కూలెంట్, ఆయిల్, కొత్త డీజిల్ ఫిల్టరు, చేతి పంపు గట్టిపడేదాకా ప్రైమింగ్. స్టాప్ సోలినాయిడ్ వైరు గానీ క్రాంక్ సెన్సర్ కప్లర్ గానీ తీసి, 10 సెకన్లు సెల్ఫ్ కొట్టి 30 సెకన్లు ఆపుతూ ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. ఆ తర్వాతే కప్లర్ పెట్టి స్టార్ట్ చెయ్యాలి. కామన్ రైల్ అందుకోకపోతే స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 200 బార్ దగ్గరికి రాకపోతే గాలి పట్టిందో, ఇంజెక్టర్ల రిటర్న్ ఎక్కువో అనుకోవాలి. ఇంజిన్ తిరుగుతుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చెయ్యడం పాత పంపు ఇంజిన్ అలవాటు. కామన్ రైల్‌లో ఆ డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి వెళ్తుంది, చెయ్యి పోతుంది. ఇంజెక్టర్ వైర్ల మీద టెస్ట్ ల్యాంపు కూడా పెట్టొద్దు, అక్కడ ఒక్కో క్షణం 60 వోల్టులు దాటుతుంది.

ఖాళీ బండితో ఊళ్ళో తిప్పితే ఏమీ తెలియదు. సగం లోడుతో సాలూరు నుంచి పొట్టంగి ఘాట్ ఎక్కించండి. పైన ఆపి, బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపేసి, బ్యాటరీ కేబుల్ తీసి, థింబుళ్ళని ఒక్కొక్కటీ చేత్తో తాకండి. పక్కవాటికన్నా వేడిగా ఉన్నది క్రింప్ సరిగ్గా పడనిది. దాన్ని అక్కడే గుర్తుపెట్టి, కిందికి దిగాక కోసి మళ్ళీ వెయ్యండి. 500 కిలోమీటర్లకి ఫౌండేషన్ బోల్టులు, ఎర్త్ బోల్టులు ఇంకోసారి బిగించండి.