నాయన చేతి కాయలు

ఈ రోజు మా మేనల్లుడికి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించాము. తిరుపతిలో కాపురముండేవారికి కొండెక్కడం పెద్ద విశేషమేమీ కాదు. బడికి ఒక రోజు సెలవు పెట్టి తెల్లవారుజామున అలిపిరిలో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. మాధవమాల నుంచి నాయన, అక్క, బావ నిన్న రాత్రే వచ్చి మా ఇంట్లో దిగారు.

మేనమామను కాబట్టి కల్యాణకట్టలో పదకొండు నెలల వాణ్ణి నా ఒడిలోనే కూర్చోబెట్టుకున్నాను. వాడు ఏడ్చిన ఏడుపుకు పక్క వరుసలవాళ్ళు కూడా తిరిగి చూశారు. గంధం పూసిన గుండు మీద నాయన చెయ్యి వేయబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "నా చెయ్యి గరుకు రా, గీసుకుంటుంది" అని చేతి వెనుకవైపుతో నిమిరాడు.

పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక, కల్యాణకట్ట అంటే నాకు ఏటా చెప్పే పాఠం గుర్తుకు వస్తుంది. తల్లిదండ్రుల ఒంటికి బతుకులో కలిగిన మార్పులు పిల్లలకు వస్తాయా అని చూడడానికి, జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మన్ 1880ల చివర ఎలుకల తోకలు కత్తిరిస్తూ పోయాడు. అలా తోకలు పోగొట్టుకున్న ఐదు తరాల ఎలుకలకు పుట్టిన 901 పిల్లల్లో ఒక్కదానికీ తోక పొట్టిగా రాలేదు. "మనం తాతముత్తాతల నాటి నుంచి గుండు కొట్టించుకుంటున్నాం, చెవులు కుట్టించుకుంటున్నాం, చెవులకు చిల్లులతో పుట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?" అని నేను అడగడం, పిలకాయలు ఒకరి చెవులు ఒకరు చూసుకుని నవ్వడం ఏటా ఉన్నదే. ఇన్నేళ్ళుగా చెబుతున్న ఆ ఉదాహరణ, అలాంటి మార్పులు పిల్లలకు వస్తాయన్న ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్‌కు కొంత అన్యాయం చేస్తున్నదని ఈ రోజే, ఒడిలో పిల్లవాడు గింజుకుంటూ ఉండగా, తోచింది. 1809లో ఆయన చెప్పింది కత్తికోతల సంగతి కాదు. అవసరం కొద్దీ ఒక అవయవాన్ని వాడుతూ పోతే అది బలపడుతుందని, వాడకపోతే క్షీణిస్తుందని, ఆ మార్పే పిల్లలకు అందుతుందని. తోకను వాడడం ఎలుక మానేయలేదు, వైస్‌మన్ కోసేశాడు. లామార్క్ మాటను న్యాయంగా పరీక్షించాలంటే గుండ్లను కాదు, నాయన చేతులను చూడాలి.

అవి నలభై ఏళ్ళకు పైగా కొయ్య చెక్కిన చేతులు. ఎడమచేతిలో ఉలి ఆనే చోట, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, పసుపు రంగు తిరిగిన కాయ ఒకటి ఉంది. కుడి అరచేతిలో సుత్తి పిడి ఒరుసుకునే చోట వరుసగా మూడు ఉన్నాయి. ఒకే చోట ఒత్తిడి, రాపిడి మళ్ళీ మళ్ళీ పడుతుంటే అక్కడి చర్మకణాలు తొందరగా విభజన చెందుతాయి, పైపొర గట్టిపడి పేరుకుంటుంది. ఆ కబురు వీర్యకణాల దాకా పోయే దారి లేదన్నదే వైస్‌మన్ అసలు వాదన. నేను పుట్టేనాటికే నాయన చేతులు కాయలు కాచి పదేళ్ళు దాటింది. నా అరచేతులకు మాత్రం సుద్దముక్క పొడి తప్ప మరేమీ అంటలేదు.

అయితే మేనల్లుడికి బట్టలు మారుస్తూ వాడి పాదాలు పట్టుకున్నప్పుడు ఇంకొకటి గుర్తుకు వచ్చింది. వాడింకా అడుగులు సరిగా వేయనే లేదు, అయినా అరికాలి చర్మం పిక్క మీది చర్మంకంటే మందంగా ఉంది. గర్భంలోనే అలా ఉండడానికి కారణం తరతరాల ఒత్తిడి ఫలితం వారసత్వంగా రావడమేనని 1871లో రాసినవాడు లామార్క్ కాదు, డార్విన్! పాఠ్యపుస్తకాల్లో ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టే మనకు ఇది చెప్పుకోవడం కొంచెం ఇబ్బందే. ఇలాంటి చిక్కునే 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ నిప్పుకోడిని చూపి విప్పడానికి ప్రయత్నించాడు. ఆ పక్షి కూర్చున్నప్పుడు నేలకు ఆనే చోట్ల ఉండే కాయలు గుడ్డులోని పిల్లకే ఏర్పడతాయి. రాపిడికి స్పందించి గట్టిపడే గుణం జన్యువుల్లో ముందే ఉంటుంది. ఆ గుణం తొందరగా బయటపడేవాటిని ప్రకృతి తరాల తరబడి ఏరుకుంటూ పోతే, చివరికి రాపిడి లేకుండానే కాయ వచ్చేస్తుంది. చూడడానికి తల్లిదండ్రులు సంపాదించినది పిల్లలకు వచ్చినట్టే ఉంటుంది, జరిగేది మాత్రం ప్రకృతి చేసే ఎంపిక.

దిగేటప్పుడు బస్సులో అక్క, వాడు నిద్రపోయాక, మెల్లగా అడిగింది: "కడుపుతో ఉన్నప్పుడు నాలుగు నెలలు నేను సరిగ్గా తినలేదు కదా, అదేమన్నా వీడికి, వీడి పిల్లలకు అంటుతుందా రా?" 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో పడిన కరవు నాకు గుర్తుకు వచ్చింది. ఆ కరవు రోజుల్లో కడుపున పడినవారిని, కరవు సోకని వారి తోబుట్టువులను ఆరు దశాబ్దాల తరువాత పోల్చి చూస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద, దాని పనిని హెచ్చించి తగ్గించే రసాయన గుర్తులు తగ్గి ఉన్నాయని 2008లో తేలింది. కానీ ఆ ఆకలిని శిశువు తల్లి నుంచి వారసత్వంగా పొందలేదు, కడుపులో తానే అనుభవించింది. పైగా అలాంటి గుర్తులు ఫలదీకరణ తరువాత ఒకసారి, బిడ్డలో బీజకణాలు ఏర్పడేటప్పుడు మరొకసారి, చాలా వరకు చెరిగిపోతాయి. సన్నని నేలపురుగుల్లో కొన్ని మార్పులు కొన్ని తరాల పాటు సాగినట్టు గట్టి రుజువులున్నాయి. మనుషుల విషయంలో అంత గట్టి రుజువు లేదు. ఇదంతా ఘాట్‌రోడ్డు మలుపుల్లో చెప్పలేక, "వాడికేమీ కాదులే" అని, దానికి బదులు ఆడపిల్లల సంగతి ఒకటి చెప్పాను: అక్క పుట్టిన అండం, అమ్మ ఇంకా అవ్వ కడుపులో ఉండగానే ఏర్పడింది. "అంటే నేను కొంత అవ్వ కడుపులో కూడా ఉన్నానన్నమాట" అని అక్క చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక మేనల్లుడు నాయన సంచిలోంచి ఉలి పిడి లాగి పట్టుకున్నాడు. మా అమ్మ వెంటనే "తాత రక్తం ఎక్కడికి పోతుంది!" అంది. నేను వాదించలేదు. బావది పాకాల దగ్గర వేరుశెనగ పండించే కుటుంబం. పన్నెండేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి నాయన దగ్గరికి వచ్చాడు. నన్నేమో, చదువు పాడవుతుందని, నాయన ఏనాడూ కొయ్య దగ్గర కూర్చోనివ్వలేదు. భోజనాలప్పుడు బావ నీళ్ళ చెంబు అందుకోవడానికి ఎడమచెయ్యి చాచాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, సరిగ్గా నాయనకు ఉన్న చోటే, కాయ.